తెరవని కేసులు 46 ఉన్నాయి: అమ్మేయాలా, తెరవాలా?

కాజీపేట_రాత్రిబండి
రెండేళ్లుగా కౌంటర్ స్ట్రైక్ అనే తుపాకుల ఆట ఆడుతున్నాను. వారానికోసారి లెవల్ పెరగగానే నాలుగు వస్తువులు చూపించి రెండు తీసుకోమంటుంది కదా, అందులో కేసు, అంటే లోపల ఏముందో తెలియని పెట్టె, కనిపిస్తే వదలకుండా తీసుకున్నాను. ఒక్కటీ తెరవలేదు. నిన్న లెక్కపెడితే 46 తేలాయి.

మా తమ్ముడు హన్మకొండలో డిగ్రీ రెండో సంవత్సరం. ఇద్దరం ఒకే కంప్యూటర్ మీద వంతులవారీగా ఆడతాం, కాబట్టి ఆ కేసుల్లో సగం వాడి కష్టమే. అన్నీ తెరిచేద్దాం, చాలా అరుదుగా వచ్చే కత్తి ఒక్కటి పడితే చాలు అంటాడు వాడు. అమ్మేసి, ఆ డబ్బుతో ఇద్దరం కలిసి ఆడుకునే ఆట ఏదైనా కొనాలని నాకుంది. మూడు రోజులుగా ఇంట్లో ఇదే పంచాయితీ. మొన్న భోజనాల దగ్గర వాడు "నలభై ఆరు కేసులున్నాయి, ఏం చేద్దాం అన్నా" అన్నాడు. మా అమ్మ చేతిలో గరిటె అక్కడే ఆగిపోయింది. పోలీసు కేసులు కావని ఆమెను నమ్మించేసరికి అన్నం చల్లారింది.

తెరిచినవాళ్లు, అమ్మినవాళ్లు ఇద్దరూ చెప్పండి. వాడికి కూడా ఇది చూపిస్తాను.

ములుగు_వెదురు
తెరవండి. ఉచితంగా వచ్చినవాటి గురించి ఇంత ఆలోచన ఎందుకు?

లెక్కల_మాస్టారు
కేసు ఉచితంగా వచ్చింది, దాన్ని తెరిచే కీ ఉచితం కాదు. ఒక్కో కీ 2.49 డాలర్లు, మన డబ్బులో రెండు వందల పైచిలుకు. 46 కీలంటే తొమ్మిది వేలు దాటుతుంది. తమ్ముడు అడుగుతున్నది "ఉన్నవి తెరుద్దాం" అని కాదు, "తొమ్మిది వేలు పెడదాం" అని. ముందు ఇంట్లో ఆ మాట ఆ రూపంలో అడిగి చూడండి.

ములుగు_వెదురు
కీ సంగతి మరిచాను, నిజమే. అయినా ఒకటో రెండో తెరవడంలో తప్పు లేదు.

మిర్చి_బస్తా
అమ్మాలా, తెరవాలా అని రెండే అడిగారు. మూడోది ఉంది, ఉంచడం.

మాది మిర్చి పండించే ఇల్లు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎనుమాముల యార్డుకు వెళ్లి చూడండి, కనుచూపు మేర బస్తాలే. అందరి పంటా ఒకేసారి వస్తుంది, ధర దిగుతుంది. మా బాపు ఆ రోజు ధర నచ్చకపోతే సరుకును కోల్డ్ స్టోరేజీకి తోలి, రసీదు తెచ్చుకుని ఇంటికి వచ్చేవాడు. యార్డులో రాక తగ్గాక అమ్మేవాడు.

కేసులూ అంతే. కొత్త కేసు వచ్చిన మొదటి రోజుల్లో అందరికీ కావాలి, దొరికేవి తక్కువ, అప్పుడు ధర ఎక్కువ. వారాలు గడిచేకొద్దీ ప్రతివాడికీ పడుతుంది, ధర దిగుతుంది. కొంతకాలానికి ఆ కేసును వారపు డ్రాప్ నుంచి, అంటే వారానికోసారి ఇచ్చే వస్తువుల్లోంచి తీసేస్తారు. అక్కడి నుంచి కొత్తవి రావడం చాలా తగ్గిపోతుంది, తెరిచిన ప్రతి కేసూ లోకంలో లేకుండా పోతుంది. సరుకు తరుగుతూ ఉంటే ధర ఎటు వెళ్తుందో చెప్పనక్కర్లేదు. నా దగ్గర మూడేళ్ల కిందటివి కొన్ని ఉన్నాయి, కదిలించలేదు. మిర్చికైతే అద్దె కట్టాలి, రంగు తగ్గుతుందేమోనన్న భయం ఉంటుంది. వీటికి ఆ రెండూ లేవు.

రాత్రిబండి అన్నా, మీ 46లో ఏ రకాలున్నాయో ముందు విడదీయండి. అన్నిటినీ ఒకే కుప్పగా చూడకండి.

హాస్టల్_కిటికీ
నేను తెరిచేవాళ్ల వైపు. ఎందుకో చెబుతాను.

అప్పుడు బీటెక్ మూడో సంవత్సరం, వరంగల్‌లోనే. మా అంతస్తులో ఎనిమిది మందిమి ఆడేవాళ్లం. సెమిస్టర్ పరీక్షలు అయిపోయిన రాత్రి తలా కొంత వేసుకుని పది కీలు కొన్నాం. ఒకే గదిలో, ఒకే ల్యాప్‌టాప్ ముందు. ఒక్కో కేసు ఒక్కొక్కరు నొక్కాలని నియమం. కేసులో వచ్చేవాటికి అరుదును బట్టి రంగులుంటాయి, నీలం అన్నిటికంటే మామూలుది, పసుపు అన్నిటికంటే అరుదైనది. ఏడు నీలాలు, ఒక ఊదా, మళ్లీ ఒక నీలం. పదోది మా గదిలో అందరికంటే నెమ్మదస్తుడి వంతు. వాడసలు కళ్లు మూసుకుని నొక్కాడు. పసుపు గీత మీద ఆగింది. చేతి తొడుగులు. అరుపులకు కింది అంతస్తు వార్డెన్ టార్చిలైటుతో పైకి వచ్చాడు, ఎవరికైనా పాము కరిచిందేమో అనుకుని. ఆయనకు విషయం చెబితే "తొడుగుల కోసమా?" అని రెండుసార్లు అడిగి వెళ్లిపోయాడు.

ఆ తొడుగులు అమ్మి ఎనిమిది భాగాలు చేసుకున్నాం. ఆ డబ్బుతో ఏం కొన్నానో గుర్తు లేదు. ఆ రాత్రి మాత్రం ఇప్పటికీ కలిసినప్పుడల్లా చెప్పుకుంటాం. ఆ పెట్టెల్ని అమ్మి ఉంటే ఏం చెప్పుకునేవాళ్లం?

లెక్కల_మాస్టారు
కిటికీ, మీ ఆనందాన్ని కాదనను. ఆ రాత్రి విలువ పది కీల ధరకు మించినదే కావచ్చు. కానీ మీ కథ విని తొమ్మిది వేలు పెట్టేవాళ్లు ఉంటారు కాబట్టి లెక్క ఇక్కడ రాయాల్సిందే.

2017 మే 1 నుంచి చైనాలో ఇలాంటి పెట్టెల్లో ఏది ఎంత శాతం వస్తుందో ఆటలవాళ్లు బయటపెట్టాలన్న నిబంధన వచ్చింది. అక్కడ ఈ ఆటను నడిపే సంస్థ అలా ప్రకటించిన అంకెలివి. నీలం 79.92 శాతం. ఊదా 15.98. గులాబీ 3.2. ఎరుపు 0.64. కత్తి లేదా తొడుగులు 0.26. ఒక్కసారి పరిశీలనగా చూడండి. నీలం నుంచి ఎరుపు దాకా ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా అవకాశం అయిదో వంతుకు తగ్గుతూ పోతుంది.

ఇప్పుడు రాత్రిబండి ఇంటి 46 తెరుద్దాం. సగటున 37 నీలాలు, ఏడు ఊదాలు, ఒకటో రెండో గులాబీలు. ఎరుపు ఒక్కటి పడటం కూడా అనుమానమే. కత్తి సంగతి చెప్పాలంటే, 46లో కనీసం ఒకటి పడే అవకాశం సుమారు 11 శాతం. మీలాంటి తొమ్మిది ఇళ్లు ఇలాగే తెరిస్తే ఎనిమిది ఇళ్లలో కత్తి ఉండదు. నీలాల్లో చాలావాటి ధర కీ ధరలో పదో వంతు కూడా ఉండదు.

0.26 శాతం అంటే 385లో ఒకటి. దానికి చాలామంది "385 తెరిస్తే ఒకటి ఖాయం" అనుకుంటారు. ఖాయం కాదు. 385 తెరిచినా ఒక్కటీ పడకుండా పోయే అవకాశం ఇంకా 37 శాతం దాకా ఉంటుంది. 385 కీలకు దాదాపు 960 డాలర్లు.

ములుగు_వెదురు
మాస్టారూ, మరి నేను ఇప్పటికి 60 తెరిచాను, ఏమీ పడలేదు. ఇక నా వంతు దగ్గర పడినట్టు కాదా?

లెక్కల_మాస్టారు
కాదు. అరవై ఒకటో కేసుకు మీ అరవై గురించి తెలియదు. దానికి ఎప్పుడూ 0.26 శాతమే. కేసు తెరిచేటప్పుడు చక్రం తిరిగి కత్తి పక్కన ఆగడం కూడా అంతే. మీరు నొక్కిన క్షణంలోనే ఏది వస్తుందో తేలిపోతుంది, ఆ తర్వాత తిరిగేదంతా మన కళ్ల కోసం గీసిన బొమ్మ. "కొద్దిలో తప్పింది" అనిపించడం ఆ బొమ్మ చేసే పని.

రామప్ప_ఇటుక
మాస్టారూ, ఆ మాట అన్ని ఆటలకూ వర్తించదు. గెన్షిన్ ఇంపాక్ట్‌లో లెక్క గుర్తుంచుకుంటారు. అయిదు నక్షత్రాల పాత్ర ఒక్కో లాగుడికి, అంటే ఒక్కో ప్రయత్నానికి, 0.6 శాతమే అయినా, 89 సార్లు రాకపోతే 90వ సారి తప్పకుండా ఇస్తారు. అక్కడ "నా వంతు దగ్గర పడింది" అన్నది నిజమే. వెదురు తమ్ముడు అలాంటి ఆట నుంచి వచ్చి ఉంటే అలా అనుకోవడం సహజం.

లెక్కల_మాస్టారు
ఒప్పుకుంటున్నాను అమ్మా. నేను చెప్పింది కౌంటర్ స్ట్రైక్ కేసుల గురించే. ఏ ఆటలో గుర్తుంచుకుంటారు, దేనిలో గుర్తుంచుకోరు అన్నది ముందు తెలుసుకోవాలి.

రామప్ప_ఇటుక
నేను ఆడేది ఎక్కువగా వార్‌ఫ్రేమ్. అక్కడ రివెన్ మాడ్‌లు, అంటే ఆయుధాలకు అదనపు గుణాలిచ్చే కార్డులు, ముసుగుతో వస్తాయి. ముసుగు తీస్తే అది ఏ ఆయుధానిదో, దాని గుణాలేమిటో తెలుస్తుంది. ముసుగుతోనే అమ్మవచ్చు, తీశాక కూడా అమ్మవచ్చు. ముసుగు తీయడానికి కీ కొనక్కర్లేదు, అందులో చెప్పిన సవాలు పూర్తి చేస్తే చాలు. అందుకే అక్కడ ప్రశ్నే వేరు.

నా పద్ధతి చెబుతాను. ముసుగులో ఉన్నదానికి ఒక స్థిరమైన ధర ఉంటుంది, ఎందుకంటే ఒకే రకానిదైతే ఎవరి దగ్గర ఉన్నదైనా ఒకటే. తీసిన మరుక్షణం అది ఒక ఆయుధానిది అయిపోతుంది. అందరూ వాడే తుపాకీదైతే ప్లాటినం, అంటే ఆ ఆటలోని డబ్బు, పండుతుంది. ఎవరూ ముట్టుకోని ఆయుధానిదైతే వారాలపాటు బేరం పెట్టినా పలికేవాడు ఉండడు. మొదట్లో నేను వచ్చినవన్నీ తీసేదాన్ని. పది తీస్తే ఏడెనిమిది అలాగే పడి ఉండేవి. తర్వాత ముసుగుతోనే అమ్మడం మొదలుపెట్టాను. ఆ ప్లాటినంతో నాకు కావలసిన ఆయుధానికి, కావలసిన గుణాలున్న రివెన్‌ను తీసినదే కొనుక్కుంటున్నాను. నా ఆశను అమ్మి ఇంకొకరి ఫలితాన్ని కొనుక్కోవడం అన్నమాట.

రాత్రిబండి తమ్ముడికి కావలసింది ఫలానా కత్తా, లేక ఏదో ఒక కత్తా? ఫలానాది అయితే పెట్టెలు తెరవడం దారే కాదు. అమ్మి, దానివైపు డబ్బు పోగేయడమే.

కాజీపేట_రాత్రిబండి
అక్కా, వాడిని అడిగాను. "ఏదైనా సరే, నా చేత్తో పడాలి" అన్నాడు.

రామప్ప_ఇటుక
అయితే వాడు కోరుతున్నది కత్తిని కాదు. కిటికీ చెప్పిన రాత్రిని కోరుతున్నాడు. తప్పు పట్టకండి.

కరీంనగర్_వెండితీగ
మిర్చి_బస్తా చెప్పిన "ఉంచడం" మీద నాకు అభ్యంతరం ఉంది. కోల్డ్ స్టోరేజీలో బస్తా మీది. ఆ రసీదు మీద అప్పు కూడా పుడుతుంది. ఇక్కడ కేసు మీది కాదు, వాడుకోవడానికి మీకిచ్చిన అనుమతి మాత్రమే. నిబంధనలు ఎప్పుడైనా మారవచ్చు.

మారిన సందర్భాలు చూడండి. 2019 జూలైలో, కౌంటర్ స్ట్రైక్ తయారుచేసిన సంస్థదే అయిన టీమ్ ఫోర్ట్రెస్ 2 ఆటలో ఒక పొరపాటు దొర్లి, కొన్ని పాత పెట్టెలు తెరిస్తే ప్రతిసారీ అత్యంత అరుదైన టోపీలే వచ్చాయి. సరిదిద్దేలోపే ఆ టోపీల ధరలు కుప్పకూలాయి. అదే ఏడాది అక్టోబరులో కౌంటర్ స్ట్రైక్ కీల మీద నియమం మార్చారు. అప్పటి నుంచి కొత్తగా కొన్న కీని ఇంకొకరికి ఇవ్వలేరు, అమ్మలేరు. అక్రమ డబ్బు చేతులు మార్చడానికి కీలను వాడుతున్నారని ఆ సంస్థే కారణం చెప్పింది. ఇక 2025 అక్టోబరులో అయిదు ఎరుపు ఆయుధాలు ఇచ్చి ఒక కత్తి లేదా తొడుగులు తీసుకునే వీలు పెట్టారు. ఒక్క రాత్రిలో కత్తుల ధరలు పడిపోయాయి, ఎరుపు ఆయుధాలు ఎగబాకాయి. ఆ ముందు రోజు కత్తి కొని దాచుకున్నవాడి సంగతి ఆలోచించండి.

అందుకే ఉంచడాన్ని కూడా ఒక పందెంగానే చూడాలి. చక్రం నెమ్మదిగా తిరుగుతుంది, అంతే తేడా.

మిర్చి_బస్తా
వెండితీగ అన్నా, మిర్చి కూడా పందెమే. ఏ ఏడాది తామర పురుగు వచ్చి పూత మొత్తం రాలిపోతుందో ఎవరికి తెలుసు? నేను చెప్పింది అన్నీ ఉంచమని కాదు. డ్రాప్‌లో నిలిపేసినవి కొన్ని ఉంచి, ఇంకా రోజూ కుప్పలుగా పడుతున్నవి అమ్మేయమని. మా బాపు కూడా సగం యార్డులోనే అమ్మేవాడు, సగమే స్టోరేజీకి పంపేవాడు. చేతిలో ఖర్చులకు కావాలి కదా.

కరీంనగర్_వెండితీగ
సగం సగం అంటే నాకూ సమ్మతమే.

జగిత్యాల_పసుపుకొమ్ము
అమ్మేవాళ్లకు ఒక హెచ్చరిక. ఆటలోని మార్కెట్‌లో అమ్మితే కొనేవాడు ఇచ్చే ధరలో రుసుము పోతుంది. మీకు వచ్చేదాని మీద ఆటది పది శాతం, ఆటను అమ్మే దుకాణం స్టీమ్‌ది అయిదు. కొనేవాడు 115 కడితే మీకు 100. ఆ వంద కూడా స్టీమ్ ఖాతాలోనే ఉంటుంది, బ్యాంకుకు రాదు. దానితో స్టీమ్‌లోనే ఆటలు, కీల్లాంటివి కొనుక్కోవచ్చు, బయట వాడుకోవడం కుదరదు.

దీనివల్లే నేను మోసపోయాను. నేరుగా డబ్బు ఇస్తామన్న ఒక వెబ్‌సైటులో ఒక రైఫిల్ స్కిన్, అంటే తుపాకీ మీది రంగుల బొమ్మ, అమ్మకానికి పెట్టాను. ఆ వెబ్‌సైటు పేరు చెప్పను, అది ఇప్పుడు లేదు కూడా. లాగిన్ అయ్యే పేజీ అచ్చం అసలు పేజీలాగే ఉంది. రెండు రోజులకు ఆ వెబ్‌సైటు నుంచే వచ్చినట్టు ఒక ట్రేడ్ ఆఫర్, అంటే వస్తువు పంపమనే అభ్యర్థన, వచ్చింది. అదే పేరు, అదే బొమ్మ. ఫోనులో "ఒప్పుకుంటున్నాను" అని నొక్కేశాను. ఒక్కటి మాత్రం చూడలేదు, ఆ ఖాతా తెరిచిన తేదీ. అసలుదానికి ఏళ్ల వయసు ఉంటే, నాకు వచ్చినది అంతకు ముందు రోజే పుట్టింది. స్కిన్ వెళ్లిపోయింది. మా నాన్న పసుపు అమ్మడానికి నిజామాబాద్ తీసుకెళ్లినప్పుడు కాంటా దగ్గర ముల్లు మీద నుంచి కన్ను తీయడు. ఆ పాటి జాగ్రత్త నేను తీసుకోలేదని నెల రోజులు నిద్ర పట్టలేదు.

2025 జూలై నుంచి చేతులు మారిన వస్తువును ఏడు రోజుల్లోపు వెనక్కి తెచ్చుకునే ఏర్పాటు వచ్చింది. నాది అంతకు ముందు జరిగింది. మీరు అమ్మితే ఆట మార్కెట్‌లోనే అమ్మండి, ఆ రుసుము పోతే పోనివ్వండి.

కాజీపేట_రాత్రిబండి
పసుపుకొమ్ము అన్నా, చాలా థాంక్స్. బయట అమ్మితే ఎక్కువ వస్తుందని మా తమ్ముడి స్నేహితుడు ఒకడు నిన్ననే చెప్పాడు. ఇక ఆ మాట ఎత్తను.

గోదావరిఖని_మూడోషిఫ్టు
మీ చర్చ మొత్తం చదివాను. మీరంతా పెద్దవాళ్లు, మీ డబ్బు, మీ లెక్కలు. నాది వేరే సంగతి, అయినా ఇక్కడ చెప్పాలనిపించింది.

నేను గనిలో పని చేస్తాను. రాత్రి షిఫ్టు దిగి పొద్దున ఇంటికి వచ్చి పడుకుంటే మధ్యాహ్నం దాకా లేవను. మా అబ్బాయికి పన్నెండేళ్లు. వాళ్లమ్మ ఫోనులో ఒక మొబైల్ ఆట ఆడతాడు. ఆమెకు రీచార్జి చేసి పెట్టేది వాడే, కాబట్టి పిన్ వాడికి తెలుసు. వేసవి సెలవుల్లో ఒక రోజు బ్యాంకు పుస్తకంలో నమోదు చేయించుకోవడానికి వెళ్లాను. రెండు పేజీలు నిండాయి. 89, 89, 449, 89, 899... ఇలా కిందికి వెళ్తూనే ఉంది. మొత్తం పదకొండు వేల నాలుగు వందలు. ఫోనులో మెసేజీలు వాడు ఎప్పటికప్పుడు తుడిచేశాడు.

కొట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని ఏం కొన్నావో చూపించమన్నాను. పెట్టెలు తెరిచాడట. ఒక డ్రెస్సు కావాలట, మంచు రంగు కోటు. వాడి స్నేహితుడికి మూడో పెట్టెలోనే వచ్చిందట. వీడికి రాలేదు. రాకపోతే ఇంకొకటి, ఇంకొకటి. వచ్చిన మిగతావన్నీ చూపించాడు. టోపీలు, సంచులు, గొడుగులు. "ఇవి అమ్మితే ఎంత వస్తుంది?" అని అడిగాను. "ఇందులో అమ్మడం ఉండదు బాపు" అన్నాడు. అప్పుడు ఏడ్చాడు. అప్పటిదాకా ఏడవలేదు.

మీరు అమ్మాలా, తెరవాలా అని అడుగుతున్నారు. చాలా ఆటల్లో పిల్లలకు ఆ మొదటిదే లేదు. తెరవడం ఒక్కటే ఉంది.

రామప్ప_ఇటుక
అన్నా, మీరు కొట్టకుండా పక్కన కూర్చోబెట్టుకుని అడగడం చాలా పెద్ద పని. ఆ పద్దుల మీద ఆట దుకాణానికి రాశారా? పిల్లలు పెద్దలకు తెలియకుండా కొన్నారని వెంటనే రాస్తే కొన్నిసార్లు తిరిగి ఇస్తారు.

గోదావరిఖని_మూడోషిఫ్టు
రాశాం అమ్మా. చివరి రెండు మాత్రం వచ్చాయి. పాతవి గడువు దాటాయన్నారు. ఇప్పుడు ఫోనులో కొనడానికి నా వేలిముద్ర పెట్టాం.

హన్మకొండ_చౌరస్తా
చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతాను. బెల్జియం 2018లోనే డబ్బు పెట్టి తెరిచే ఇలాంటి పెట్టెల్ని జూదంగా లెక్కగట్టింది. అక్కడ కౌంటర్ స్ట్రైక్ కేసులు తెరవడం కుదరదు. ఫ్రాన్స్‌లో 2019 నుంచి ఎక్స్‌రే అని ఒకటి ఉంది. కీ కొనకముందే లోపల ఏముందో చూపిస్తుంది. నచ్చితే కొనాలి. నచ్చకపోయినా, దాన్ని తీసుకుంటే తప్ప తర్వాతి పెట్టె చూడలేరు. జపాన్‌లో 2012లో, చిన్న చిన్న బహుమతులన్నీ పోగు చేస్తేనే పెద్దది ఇచ్చే తరహాను ఆపించారు.

మన దగ్గర తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీని నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటలను దేశమంతా నిషేధిస్తూ చట్టం తెచ్చింది. అందులో ఈ-స్పోర్ట్స్‌ను విడిగా గుర్తించారు. మూడోషిఫ్టు అన్న ఇంట్లో జరిగిన దానిలో మాత్రం గెలిచేందుకు డబ్బే లేదు, పోవడం ఒక్కటే ఉంది. నన్నడిగితే అది రమ్మీ కంటే అన్యాయం.

హాస్టల్_కిటికీ
మూడోషిఫ్టు అన్న రాసింది చదివాక నా కథ మళ్లీ చదువుకున్నాను. ఒకటి చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను. ఆ తొడుగులు పడ్డాక మా ఎనిమిది మందిలో ఒకడు ఆగలేకపోయాడు. మళ్లీ ఆ రాత్రి రావాలని ఒక్కడే గదిలో కూర్చుని తెరుస్తూ పోయాడు. మెస్ బిల్లు కట్టలేదని తెలిసేదాకా మాకెవరికీ తెలియదు. మేం ఏడుగురం కలిసి కట్టాం. అందరం కలిసి తెరవడం వేరు, ఒక్కడే తెరవడం వేరు అని ఇప్పటికీ అనుకుంటాను.

ములుగు_వెదురు
నేను తెరిచిన అరవై కూడా ఒక్కడినే కూర్చుని తెరిచినవే.

లెక్కల_మాస్టారు
రాత్రిబండి, మీ తమ్ముడితో ఒక పని చేయించండి. ఫోనులో ఒకటి నుంచి పది వేల దాకా ఏదో ఒక అంకె ఇచ్చే యాప్ దొరుకుతుంది. 1 నుంచి 26 దాకా వస్తే కత్తి. 27 నుంచి 90 దాకా ఎరుపు. 91 నుంచి 410 గులాబీ. 411 నుంచి 2008 ఊదా. ఆపైన అంతా నీలం. వాడి చేతే 46 సార్లు నొక్కించండి, కాగితం మీద రాయించండి. పైసా ఖర్చు లేదు. నేను తొమ్మిదో తరగతికి సంభావ్యత చెప్పేటప్పుడు ఇలాగే చేయిస్తాను. నల్లబల్ల మీద నేను రాసిన 0.26ను పిల్లలు నమ్మరు. వాళ్ల వేలితో నొక్కితే నమ్ముతారు.

మిర్చి_బస్తా
ఇది బాగుంది మాస్టారూ. మా తమ్ముళ్ల చేత కూడా చేయిస్తాను.

కాజీపేట_రాత్రిబండి
మూడు రోజుల తర్వాత వస్తున్నాను, ఏం జరిగిందో చెప్పాలి కదా.

మాస్టారు చెప్పిన పని ఆదివారం చేశాం. పాత నోటుబుక్కులో అయిదు గళ్లు గీశాడు మా వాడు. మొదటి 46లో కత్తి లేదు, ఎరుపు లేదు. "ఇది లెక్కలోకి రాదు" అని ఇంకో 46 నొక్కాడు. ఒక ఎరుపు. మూడోసారి మా అమ్మ కూడా వచ్చి కూర్చుంది, సగం ఆమే నొక్కింది. నాలుగోసారి అయ్యేసరికి నీలం గడి పేజీ దాటి వెనక్కి తిరిగింది, కత్తి గడి మాత్రం ఖాళీగానే ఉంది. ఒకసారి 31 వచ్చింది. "అన్నా, అయిదు అంకెల్లో తప్పింది" అని లేచి నిలబడ్డాడు. తర్వాత వాడే కూర్చుని, "31 అయినా, 9000 అయినా కత్తి కానట్టే కదా" అన్నాడు. నేనేమీ అనలేదు.

రకాలు విడదీశాం. వారపు డ్రాప్‌లో ఇంకా పడుతున్నవి 29. వాటిని ఆట మార్కెట్‌లోనే పెట్టాం, అమ్ముడయ్యాయి. రుసుము పోగా వచ్చిన దానితో ఇద్దరం కలిసి ఆడే ఆట కొన్నాం, కొంత మిగిలింది. డ్రాప్‌లో ఆగిపోయినవి 16 ఉంచాం, అది మిర్చి_బస్తా అన్న మాట ప్రకారం.

29, 16 కలిపితే 45. మిగిలిన ఒక్కటి తమ్ముడిది. మిగిలిన డబ్బుతో ఒక కీ కొని వాడి చేతికిచ్చాను. కిటికీ అన్నట్టు ఒక్కడినే తెరవనివ్వలేదు. అమ్మ, నేను, పక్కింటి బాబు, అందరం వెనక నిలబడ్డాం. నీలం పిస్టల్ వచ్చింది. దాని మీద చేప పొలుసుల్లాంటి గీతలున్నాయి. అమ్మవద్దన్నాడు. రెండు రోజులుగా దానితోనే ఆడుతున్నాడు.

అమ్మ మాత్రం ఇందాక వంటింట్లో నుంచి అడిగింది, మిగతా పదహారు కేసులు ఎప్పుడు కొట్టేస్తారు అని.